అడవి బాటలో పైసా ఖర్చులేని కసరత్తు.. మన పార్కుల్లో ఎందుకు కుదరడం లేదు?

స్విట్జర్లాండ్‌లో చాలా ఊళ్లను ఆనుకునే అడవి ఉంటుంది. ఆ అడవి మొదట్లో ఒక నీలిరంగు బోర్డు కనిపిస్తుంది. అక్కణ్నుంచి రెండు మూడు కిలోమీటర్ల బాట చెట్ల మధ్యకు వెళ్లి, చుట్టు తిరిగి, మళ్లీ అక్కడికే చేరుతుంది. దారిలో 15 చోట్ల ఆగాలి. ఆగిన ప్రతిచోటా బొమ్మలతో వ్యాయామం చూపించే ఫలకం, అవసరమైనచోట పక్కనే దుంగో, కడ్డీయో, రింగులో ఉంటాయి. గేటు లేదు, టికెట్ లేదు, సభ్యత్వం లేదు. తెల్లవారుజామున వచ్చినా, ఆఫీసు అయ్యాక వచ్చినా అడిగేవారుండరు. వీటిని వీటాపార్కూర్ అంటారు. 1968లో జ్యూరిక్‌లో మొదలయ్యాయి, ఇప్పుడు దేశం మొత్తం మీద 500 దాకా ఉన్నాయి. ఆ దేశ జనాభా 90 లక్షలు. ఒక్క హైదరాబాద్ మహానగరంలోనే అంతకన్నా ఎక్కువమంది ఉంటాం.

ఊరికే దొరికేదాని మీద మనకు నమ్మకం తక్కువ. జిమ్ అలవాటున్నవాళ్లు ఈ దుంగల్ని చూసి, పిల్లలు ఆడుకోవడానికి తప్ప దేనికి పనికొస్తాయి అనుకుంటారు. ఆ అభిప్రాయం తప్పు. పద్ధతిగా చేస్తే, మనలో చాలామందికి అక్కడ ఒళ్లంతటికీ సరిపడా కసరత్తు అవుతుంది. అందుకు కారణం వ్యాయామాలను అమర్చిన వరుస, ఆ బాటను ఏళ్ల తరబడి కనిపెట్టుకుని ఉండే ఏర్పాటు. మన పార్కుల్లో లేనివి సరిగ్గా ఈ రెండే.

ముందు కసరత్తు సంగతి చూద్దాం. మన దగ్గర వ్యాయామం అంటే వాకింగ్. డాక్టర్లు చెప్పేదీ అదే, పొద్దున్నే పార్కుల్లో కనిపించేదీ అదే. నడక మంచిదే, కానీ సగం పనే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పెద్దవాళ్లు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఒక మోస్తరు శ్రమ చేయాలి. దాంతో పాటు వారానికి కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం ఉండాలి. 65 దాటినవాళ్లయితే తూలిపడకుండా బలాన్నీ, నిలకడనూ పెంచే కసరత్తు వారానికి మూడు రోజులైనా చేయాలి. మన వాకర్లలో ఈ రెండో భాగం చేసేవాళ్లు ఎంతమంది? తిన్న చక్కెరను ఎక్కువగా వాడుకునేది కండరమే. దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉన్నట్టు 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం చెప్పింది. ఇలాంటి చోట కండబలాన్ని కుర్రాళ్ల సోకుగా చూడటం మనకే నష్టం.

అడవి బాట ఈ రెండు భాగాల్నీ ఒకే గంటలో కలుపుతుంది. మొదటి మజిలీల్లో బరువు పని ఉండదు. చేతులు తిప్పడం, నడుము వంచడం, కాళ్లు ఊపడం లాంటి ఒళ్లు వేడెక్కించే పనులే. అక్కణ్నుంచి తర్వాతి ఫలకం దాకా మెల్లగా పరుగు, లేదా వడివడిగా నడక. కీళ్లు కదిలి, ఊపిరి అందుకున్నాకే బలం పెంచే మజిలీలు వస్తాయి. ఎత్తూ పల్లంగా పాతిన దుంగలు ఎక్కి దిగాలి. అడ్డదుంగ మీద చేతులు ఆనించి దండీలు తీయాలి. వాలుగా ఉన్న బల్ల మీద పడుకుని పొట్ట బిగించి లేవాలి. రింగులు పట్టుకుని ఒంటిని పైకి లాక్కోవాలి. సన్నటి దూలం మీద ఒక చివర నుంచి మరో చివరకు పడిపోకుండా నడవాలి. చివరికొచ్చేసరికి వేగం తగ్గి, పిక్కలూ తొడలూ సాగదీసే పని మిగులుతుంది. మజిలీకీ మజిలీకీ మధ్య పరుగు ఉంది కాబట్టి గుండెకు వేరే టైమ్ కేటాయించక్కర్లేదు. తర్వాత ఏం చేయాలో, ఎన్నిసార్లు చేయాలో ఫలకమే చెబుతుంది. జిమ్‌లో కొత్తవాళ్లను ఇబ్బంది పెట్టేది ఏం చేయాలో తెలియకపోవడం. ఆ టెన్షన్ ఇక్కడ ఉండదు.

నా దృష్టిలో ఈ 15 మజిలీల్లో అన్నింటికన్నా విలువైనవి రింగులు, కడ్డీ. ఎందుకో చెబుతాను. ఇంట్లో ఏ పరికరం లేకుండా దండీలు తీయొచ్చు, బస్కీలు తీయొచ్చు. ఛాతీ, భుజాలు, తొడలకు ఆ పని సరిపోతుంది. కానీ వీపు, ముంజేతులు, పట్టు పెరగాలంటే దేన్నో ఒకదాన్ని పట్టుకుని లాగాలి. ఫ్లాట్‌లో ఉండేవాళ్లకు ఆ సౌకర్యం ఉండదు. రోజంతా కంప్యూటర్ ముందు వంగి కూర్చునేవాళ్లకు బలహీనపడేది ఆ వీపే. ఛాతీ ఎత్తున వేలాడే రింగులుంటే ఎవరైనా మొదలుపెట్టొచ్చు. రింగులు పట్టుకుని, మడమలు నేలకు ఆనించి, వెనక్కి వాలి, ఛాతీ రింగుల దాకా వచ్చేలా లాక్కోవాలి. పాదాలు ఎంత ముందుకు జరిపితే అంత కష్టం, ఎంత వెనక్కి తెస్తే అంత తేలిక. యాభై ఏళ్ల మనిషీ, పాతికేళ్ల కుర్రాడూ అదే రింగు మీద ఎవరి బలాన్ని బట్టి వాళ్లు చేసుకోవచ్చు. పైన కడ్డీ అందితే ఊరికే పది సెకన్లు వేలాడినా పట్టు పెరుగుతుంది.

పరిమితులూ ఉన్నాయి. అక్కడ ఇనుప బరువులు లేవు, అందువల్ల బాగా బలమున్నవాళ్ల కాళ్లకు ఆ శ్రమ చాలదు. అలాంటివాళ్లు ఒంటికాలి మీద దుంగ ఎక్కి, దిగేటప్పుడు మూడు నాలుగు సెకన్లు తీసుకోవాలి. బాటలో ఎత్తు ఎక్కాల్సినచోట పరుగెత్తాలి. లేదా మొత్తం రెండు చుట్లు తిరగాలి. ఒలింపిక్ స్థాయిలో బరువులెత్తాలనుకునేవారికి ఇది చాలదు, వాళ్ల కోసం కట్టిందీ కాదు. వాన పడితే చెక్క జారుతుంది, ఆ రోజు దూలం జోలికి పోకపోవడమే మేలు.

అక్కడున్న మన తెలుగువాళ్లకు ఇంకో మాట. జ్యూరిక్, బాసెల్‌లలో ఐటీ ఉద్యోగాలు చేసేవాళ్లు, జర్మనీలో చదువుకునే పిల్లలు నెలనెలా జిమ్‌కి కట్టే డబ్బు గురించి బాధపడుతుంటారు. ఇంటికి దగ్గర్లో ఇలాంటి బాట ఉందేమో ముందు చూసుకోండి, జర్మనీలోనూ ఉన్నాయి. అయితే అక్కడి అడవుల్లో గోమారు లాంటి పురుగుల బెడద ఉంది. అవి కుడితే లైమ్ జబ్బు, మెదడువాపు రావచ్చు. మెదడువాపుకి టీకా ఉంది, స్విట్జర్లాండ్‌లో దాదాపు అంతటా దాన్ని వేయించుకోమని ప్రభుత్వమే చెబుతుంది. లైమ్‌కి టీకా లేదు. పొడుగు సాక్సులు వేసుకోవాలి, ఇంటికొచ్చాక మోకాలి వెనక, చంకల్లో, పిల్లలకైతే తలలో కూడా చూసుకోవాలి.

ఇంతకీ ఇదంతా ఉచితంగా ఎలా నడుస్తోంది? మొదటి కారణం చట్టం. 1912 నుంచి అమల్లో ఉన్న స్విస్ పౌరస్మృతిలోని 699వ అధికరణం ప్రకారం అడవిలోకి వెళ్లే హక్కు అందరిదీ. ఆ అడవి ఊరి ఉమ్మడి ఆస్తయినా, ఒకరి సొంతమైనా సరే. కాబట్టి గేటు పెట్టి టికెట్ కొట్టాలన్న ఆలోచనకే అక్కడ చోటు లేదు. రెండోది డబ్బు. వీటా అనేది ఒక జీవిత బీమా కంపెనీ. మనుషులు ఆరోగ్యంగా ఎక్కువకాలం బతికితే బీమా కంపెనీకి లాభం, ప్రతి బోర్డు మీదా పేరుంటే ప్రచారమూ వస్తుంది. స్వార్థం ఉంది, ఉంటే ఉండనీ. దానివల్లే ఆ కంపెనీ ఏదో ఒక్క ఏడాదికి చేతులు దులుపుకోలేదు. అది జ్యూరిక్ ఇన్సూరెన్స్‌కు చెందిన కంపెనీయే, తర్వాత బాటల కోసం విడిగా ఫౌండేషన్ వచ్చింది. ఫలకాలు, ప్రమాణాలు, సలహా ఫౌండేషన్ చూసుకుంటే, రోజువారీ బాగోగులు స్థానిక పురపాలికలో, క్రీడా సంఘాలో చూసుకుంటాయి. పుచ్చిన దుంగను మార్చాల్సింది ఎవరో ముందే రాసిపెట్టి ఉంటుంది.

నిర్వహణ లేకపోతే ఏమవుతుందో పక్కనున్న జర్మనీ చూపించింది. అక్కడి క్రీడా సమాఖ్య 1970లో ట్రిమ్ డిచ్ పేరుతో పెద్ద ఉద్యమం నడిపింది. బొటనవేలు పైకెత్తి నవ్వే ట్రిమ్మీ బొమ్మ ఇంటింటికీ తెలుసు. ఊరూరా అడవి బాటలు వేశారు. ఆ ఊపు తగ్గాక, జనం జిమ్‌ల వైపు మళ్లాక, బాగుచేసేవారు లేక చాలాచోట్ల చెక్క కుళ్లిపోయింది, బాటలు పొదల్లో కలిసిపోయాయి. ఈమధ్య మళ్లీ కొన్నింటిని బాగుచేసుకుంటున్నారు. అడవులూ అలాంటివే, చెక్కా అదే. కనిపెట్టుకునేవాళ్లు లేకపోవడం వల్లే అవి పాడయ్యాయి.

ఇక మన సంగతి. హైదరాబాద్ కాలనీ పార్కుల్లో ఓపెన్ జిమ్‌లు వచ్చాయి. అది మంచి పనే, ముఖ్యంగా ఆడవాళ్లకు. చీర మీద స్పోర్ట్స్ షూ వేసుకుని, జిమ్ గడప ఎప్పుడూ తొక్కని గృహిణులు ఉదయాన్నే అక్కడ మాట్లాడుకుంటూ కాళ్లు ఊపడం నేను చూశాను, చూసి సంతోషించాను. కానీ ఆ కాళ్లు ఊపే యంత్రంలో ప్రతిఘటన దాదాపు లేదు. ఒకసారి ఊపు అందుకుంటే అదే ఊగుతుంది. నెల తర్వాత బలం పెరిగినా పని పెంచే వీలుండదు. ఎనిమిదో పదో యంత్రాలను ఒకేచోట గుంపుగా పాతేస్తారు. ఏది ముందు, ఏది తర్వాత, ఎన్నిసార్లు అని తెలుగులో చెప్పే ఫలకం చాలాచోట్ల ఉండదు. బేరింగ్ పోతే ఆ యంత్రం తాడు కట్టించుకుని నెలల తరబడి అలాగే ఉంటుంది. ప్రారంభోత్సవానికి వచ్చినవారెవరూ దాన్ని చూడటానికి మళ్లీ రారు.

చోటు లేదనడానికి వీల్లేదు. నగరం చుట్టూ అటవీ భూముల్లో అర్బన్ ఫారెస్ట్ పార్కులు తయారు చేశారు, నడక దారులూ వేశారు. కేబీఆర్ పార్కు 1998 నుంచి జాతీయ ఉద్యానవనం, వన్యప్రాణి చట్టం కింద ఉన్న చోటు. అక్కడ కొత్తగా ఏమీ పాతకూడదు, దాని జోలికి పోవద్దు. అర్బన్ పార్కుల్లో ఇప్పటికే ఉన్న దారుల పక్కన ఒక్క చెట్టూ కొట్టకుండా 15 మజిలీలు పెట్టుకోవచ్చు. అచ్చం స్విస్ నమూనా దించితే మాత్రం రెండు వానాకాలాల్లో చెదపురుగులు తినేస్తాయి. మనకు రాయికి కొదవ లేదు. ఎక్కి దిగడానికి గ్రానైట్ దిమ్మెలు, లాగడానికి తుప్పు పట్టని ఉక్కు కడ్డీలు చాలు. దండీలూ బస్కీలూ పాతకాలపు వ్యాయామశాలలైన తాలింఖానాల కాలం నుంచి మన నేల మీద ఉన్నవే, వాటిని బొమ్మగీసి చూపిస్తే చాలు. వేసవిలో తొమ్మిదింటికే ఎండ కాలుస్తుంది కాబట్టి నీడ ఉన్న దారినే ఎంచుకోవాలి, ఐదింటికల్లా గేటు తెరవాలి. ఆడవాళ్లు ధైర్యంగా రావాలంటే మొదటి, చివరి మజిలీల దగ్గర దీపాలు, మనుషుల అలికిడి ఉండాలి.

డబ్బు కూడా పెద్ద అడ్డంకి కాదు. 2013 కంపెనీల చట్టం ప్రకారం ఒక స్థాయి దాటిన కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. ఆరోగ్యం, పర్యావరణం ఆ జాబితాలో ఉన్నాయి. హైదరాబాద్‌లో పెద్ద ఆస్పత్రులు, ఫార్మా కంపెనీలు, ఐటీ సంస్థలు ఎన్నో ఉన్నాయి. ఆరోగ్య బీమా అమ్మే కంపెనీలైతే స్విస్ కంపెనీ లెక్కనే వేసుకోవచ్చు. వాళ్లను అడగాల్సింది ప్రారంభోత్సవ ఖర్చు ఒక్కటే కాదు, పదేళ్ల నిర్వహణ. ముందుగా ఒకే ఒక్క పార్కులో, ఉదయం నాలుగు గంటల పాటు టికెట్ లేకుండా, ఒక బాట వేసి చూడాలని అటవీ శాఖను కోరుతున్నాను. నిర్వహించేవారి ఫోన్ నంబరు ప్రతి ఫలకం కింద ఉండాలి. రింగు తెగితే ఎన్ని రోజుల్లో మారుస్తారో కూడా అక్కడే రాయాలి.