విశాఖ కొండలు ఖాళీగా లేవు

విశాఖ చుట్టుపక్కల ఏ గుట్ట మీదైనా పెద్ద చెట్లు కనపడకపోతే మనకది ఖాళీ స్థలమే. రికార్డుల్లో కొండ పోరంబోకు, మాటల్లో బోడికొండ. ఆ ముద్ర పడ్డాక పొక్లెయిన్ అయినా వస్తుంది, మొక్కలు నాటడానికి గుంతలైనా పడతాయి. పొక్లెయిన్ వస్తే గొడవ చేస్తాం. రుషికొండ తవ్వకం హైకోర్టు దాకా వెళ్లింది. గుంతలు తవ్వితే మాత్రం చప్పట్లు కొడతాం. ఇక్కడి అరుదైన మొక్కలకు రెండూ ముప్పేనని నా వాదన.

తూర్పు కనుమల సైకస్ సంగతి చూడండి. దూరం నుంచి పొట్టి ఈతచెట్టులా ఉంటుంది గానీ, పూలు పూసే మొక్కలన్నిటికంటే పాత వంశం దానిది. ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు. రెండూ దగ్గర్లో ఉండి ఒకే సమయానికి తయారైతేనే గింజ కడుతుంది. పెరగడం మహా నెమ్మది. ఒక గుట్ట మీద పది మొక్కలు మిగిలినా, పదీ మగవైతే అక్కడ దాని కథ ముగిసినట్టే. ట్రాలీలో తెచ్చి నాటి, ఫొటో దిగే రకం కాదిది. అన్నట్టు, మన హోటళ్ల ముందు, పార్కుల్లో ముచ్చటగా పెంచే సైకస్ ఎక్కువగా జపాన్‌ది. 1991లో వన్యప్రాణి చట్టంలో మొక్కలకు తొలిసారి చోటిచ్చినప్పుడు జాబితాకెక్కినవి ఆరే. అందులో తిరుమల కొండల సైకస్ ఉంది, ఉత్తరాంధ్రలో ఉండే దాని చుట్టం లేదు.

తీరంలో పరిస్థితి వేరు. ఇసుకను పట్టి ఉంచే బాలబంది తీగ, రావణాసురుడి మీసాలు అనే గడ్డి అరుదైన జాతులేం కావు. వాటికి ఇక్కడ కరువైంది చోటు. మిగిలిన ఇసుక దిబ్బల్లో చాలావాటిని తుపాను గాలికి అడ్డమంటూ సరుగుడు తోటలు చేశాం. ఆస్ట్రేలియా వైపు నుంచి వచ్చిన ఆ చెట్ల కింద, రాలిన సూదుల పరుపులో మరే మొక్కా సరిగా లేవదు. ఊరికి అడ్డం కావాలి, కాదనను. దిబ్బ దిబ్బంతా అదే ఎందుకు? భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలకు జాతీయ భూవారసత్వ హోదా ఉంది. దిబ్బలు తవ్వితే వార్త అవుతుంది. దిబ్బల మీద ఏం మొలుస్తోందో అడిగేవాళ్లు తక్కువ.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను నగరంలో చెట్లను పడగొట్టాక, పచ్చదనం త్వరగా తిరిగి రావాలన్న తొందర అందరికీ పట్టుకుంది. అర్థం చేసుకోదగ్గదే. కానీ తొందరగా పెరిగే చెట్టు, ఇక్కడి చెట్టు ఒకటి కావు.

ఏజెన్సీలో ఇదే కథకు డబ్బు కోణం ఉంది. కాఫీకి నీడ కావాలి. సిల్వర్ ఓక్ నిటారుగా, త్వరగా ఎదుగుతుంది, మిరియాల తీగ పాకుతుంది, చివరికి కలప. రైతును తప్పుపట్టలేం. అయితే ముసలి మద్ది చెట్టు బెరడు మీద బతికే ఆర్కిడ్లకు, ఆ చెట్టు పోతే ఇల్లు పోయినట్టే. 2022 ఏప్రిల్‌లో జిల్లా మూడు ముక్కలయ్యాక అరకు, పాడేరు, చింతపల్లి అల్లూరి సీతారామరాజు జిల్లాకు పోయాయి. బొటానికల్ సర్వే రాసిన పాత ‘విశాఖ జిల్లా’ మొక్కల్లో చాలావరకు ఇప్పుడు ఈ జిల్లావి కావు. ఇక్కడ మిగిలినవాటిలో ముఖ్యమైనవి కంబాలకొండ, సింహాచలం కొండలు, తీరం, పద్మనాభం–ఆనందపురం వైపు గుట్టలు. అందుకే వాటిని మరింత పట్టించుకోవాలి.

నాటడం ఒక్కటే సమస్య కాదు. సర్పగంధి వేరు కోసం తవ్వితే మొక్క మొత్తం పోతుంది. తపసి చెట్టు అలా కాదు. బంక కోసం గొడ్డలితో లోతుగా నరికిన రోజుల్లో చెట్లు చచ్చేవి. బెరడు మీద పైపైనే గాటు పెట్టడం గిరిజనులకు నేర్పి, శుభ్రమైన బంకకు గిరిజన సహకార సంస్థ మెరుగైన ధర ఇవ్వడంతో, చెట్టును బతికించుకుంటూనే ఆదాయం తీసుకునే దారి దొరికింది. చట్టాల కంటే ఇలాంటి ఏర్పాట్ల మీదే నాకు నమ్మకం ఎక్కువ.

చట్టం లేకపోలేదు. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థకూ ఒక కమిటీ ఉండాలి, ఆ కమిటీ దగ్గర ఊళ్లో ఏ మొక్కలు, జీవాలు ఉన్నాయో రాసుకునే ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ ఉండాలి. గుంతలు తవ్వే ముందు ఆ రిజిస్టర్ తెరిచి చూడాలన్న నియమం పెడితే సగం పని అవుతుంది. మిగతా సగం కాలానికి సంబంధించింది. అగ్నిశిఖ లాంటి దుంప మొక్కలు, నేలమీద పూసే ఆర్కిడ్లు ఎండాకాలంలో మట్టిలో నిద్రపోతాయి, వానలు పడ్డాకే పైకి వస్తాయి. మన గుంతలు తవ్వేది సరిగ్గా ఆ ఎండల్లోనే, గుట్ట నిజంగానే బోడిగా కనిపించే రోజుల్లో. సర్వే ఆగస్టు, సెప్టెంబర్లలో చేసి, గుంతలు మరుసటి ఏడాది తవ్వాలి. అలా ఆగితే మార్చి 31 తర్వాత నిధులు మురిగిపోతాయని అధికారులు అంటారు. ఆ ఇబ్బంది నిజమే. సర్వేకూ నాటడానికీ కలిపి రెండేళ్ల పనిగా మంజూరు చేస్తే తీరిపోయే ఇబ్బంది అది.