సహాయ నటుల జిల్లా

ఒడిశాలోని గంజాం జిల్లా ఈ దేశానికి పట్టుచీరలనూ అప్పడాలనూ ఒక రాష్ట్రపతినీ ఇచ్చిందని బరంపురంలో ఎవరిని అడిగినా గర్వంగా చెబుతారు. నాలుగో ఉత్పత్తిని మాత్రం ఏ గెజిటీరూ ఇంతవరకు నమోదు చేయలేదు. అది తండ్రి వేషం. తండ్రి, బాబాయి, మేనమామ, హితవు చెప్పే పక్కింటి పెద్దమనిషి, అంటే కథానాయకుడు కాని ప్రతి ఒక్కరూ ఇక్కడ విరివిగా తయారవుతారు. ఈ పరిశ్రమను ప్రభుత్వాలు గుర్తించకపోవడం శోచనీయం.

పాత్రల పంపకం 1936 ఏప్రిల్ 1న జరిగిపోయింది. మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి విడదీసి ఇక్కడి తెలుగువాళ్ళమైన మమ్మల్ని ఒడిశాలో కలిపిన రోజు అది. కథ ఒడియావారిది కాబట్టి కథానాయకుడూ వారివాడే. న్యాయమే, తప్పు పట్టలేం. సరిహద్దు దాటి ఇచ్ఛాపురం వెళ్తే అక్కడ మేం ‘ఒడిశా నుంచి వచ్చిన చుట్టాలం’. అంటే అక్కడా సహాయ పాత్రే. దాదాపు తొంభై ఏళ్ళుగా రెండు రాష్ట్రాల కథల్లో పక్కన నిలబడి తల ఊపుతున్న వాళ్ళకు వేరే నటనా శిక్షణ ఎందుకు?

అమ్మవారు కూడా ఈ సంగతి కనిపెట్టింది. రెండేళ్ళకోసారి చైత్రంలో బరంపురంలో జరిగే బుఢీ ఠాకురాణి యాత్రలో ఆమె పుట్టింటికి వస్తుంది. ఆ పుట్టిల్లు దేరా నేతవారి పెద్ద దేశి బెహరా ఇల్లు. గోదావరి వైపు నుంచి వలస వచ్చిన నేతవారని చెప్పుకుంటారు. దేవత వేషం ఊరిది, తండ్రి వేషం మగ్గం వాళ్ళది! ఆ నెల్లాళ్ళూ పులి వేషాలూ శివుడి వేషాలూ మొక్కుగా కట్టేవాళ్ళు వీధుల్లో తిరుగుతుంటే, పుట్టింటి పెద్ద మాత్రం ఏర్పాట్లు సవ్యంగా సాగుతున్నాయో లేదో చూసుకుంటూ ఉంటాడు. తండ్రి పాత్ర అంటే అదే కదా.

సినిమా సంగతికి వద్దాం. గుమ్మడి వెంకటేశ్వరరావు 1927లో పుట్టారు. ఎన్.టి.రామారావు 1923లో, అక్కినేని నాగేశ్వరరావు 1924లో. 1957లో వచ్చిన ‘మాయాబజార్’లో గుమ్మడి బలరాముడు. అంటే తనకన్నా నాలుగేళ్ళు పెద్దవాడైన కృష్ణుడికి అన్న, మూడేళ్ళు పెద్దవాడైన అభిమన్యుడికి మేనమామ. ఘటోత్కచుడిగా వేసిన ఎస్.వి.రంగారావు పుట్టింది 1918లో. ఆయన కన్నతల్లి హిడింబిగా వేసిన సూర్యకాంతం పుట్టింది 1924లో. తల్లి భూమి మీద పడేనాటికి కొడుక్కి ఆరేళ్ళు! ఈ కుటుంబం ధ్రువపత్రం కోసం దరఖాస్తు పెట్టుకుంటే ఏ గుమాస్తా అయినా ఫైలు కట్టేసి టీకి లేచిపోతాడు. వెండితెర మీద ఒక్క ప్రేక్షకుడికి అనుమానం వస్తే ఒట్టు. పైగా ఆ కథలో చిక్కు తెచ్చిపెట్టింది బలరాముడు, విప్పింది ఘటోత్కచుడు. శశిరేఖను పెళ్ళాడే భాగ్యం మాత్రం అభిమన్యుడిది. సూర్యకాంతం గయ్యాళితనం దెబ్బకు జనం ఆడపిల్లలకు ఆ పేరు పెట్టడమే మానేశారని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఏ కథానాయిక వల్లనైనా ఇంత సామాజిక మార్పు వచ్చిందా?

సమీక్షకులు వీళ్ళందరికీ కలిపి కేటాయించిన వాక్యం ఒకటే: ‘మిగతావారు తమ పాత్రల పరిధి మేరకు నటించారు.’ నలభై ఏళ్ళ వృత్తికి ఆరు మాటలు. ఆ పరిధి కొలతలేమిటో, గజాల్లో చెబుతారో సెంట్లలో చెబుతారో రెవెన్యూ వారే తేల్చాలి.

మా వీధిలో బట్టల కొట్టు లెక్కలు రాసే పెద్దాయన ఒకరున్నారు. పాతికేళ్ళు నిండకముందే నుదురు వెనక్కి జరగడంతో ఆయన్ను నాటక సమాజం ఏకగ్రీవంగా తండ్రిని చేసింది. ఆయన దగ్గర ఉన్నది ఒక శాలువా, ఒక చేతికర్ర, మూడు రకాల దగ్గులు: అప్పుల దగ్గు, అల్లుడు వచ్చినప్పటి దగ్గు, చివరి దగ్గు. గడ్డం అంటించిన స్పిరిట్ గమ్ చెమటకు ఊడిపోతుంటే అరచెయ్యి చెంపకు ఆనించుకుని దుఃఖిస్తారు. ఆ భంగిమకు చప్పట్లు వస్తాయి కాబట్టి గమ్ తక్కువే రాయమని మేకప్ మనిషికి ఆయనే చెబుతారు.

కొత్త కుర్రాళ్ళకు తెలుగు మాట వచ్చు, లిపి రాదు. డైలాగులు ఒడియా అక్షరాల్లో రాసుకుంటారు. ఆ లిపిలో ఎకారానికి కురచా పొడవూ తేడా లేదు. ఒకసారి కథానాయకుడు ఆవేశంగా ముందుకొచ్చి, ‘మేడ పట్టుకుని బయటికి గెంటేస్తాను!’ అన్నాడు. హాలు గొల్లుమనబోయింది. పెద్దాయన శాలువా సర్దుకుని, ‘మేడ జోలికి పోకు నాయనా, అద్దె బాకీ ఉన్నాం’ అన్నారు. రచయితకు తట్టని ఆ మాటకు జనం కళ్ళు తుడుచుకున్నారు. రెండో అంకం చివర ఆయన యథావిధిగా చనిపోయి, తెర వెనక్కి వెళ్ళి, కాగితాలు పట్టుకుని ప్రాంప్టింగు మొదలుపెట్టారు. కొడుకు తండ్రి శవం మీద పడి ఏడవాల్సిన మాటలు తండ్రే అందించారు. జ్ఞాపిక కథానాయకుడికి వెళ్ళింది.

ఇక్కడి సహాయ నటులు ప్రధాన పాత్రకు ఎదగరని అనుకుంటే పొరపాటు. 1894లో బరంపురంలో పుట్టిన వి.వి.గిరి ఉపరాష్ట్రపతిగా, అంటే రాజ్యాంగం గుర్తించిన సహాయ పాత్రలో ఉండి, 1969లో దానికి రాజీనామా చేసి స్వతంత్ర అభ్యర్థిగా నిలబడి రాష్ట్రపతి అయ్యారు. మొదటి ప్రాధాన్య ఓట్లతో ఎవరికీ మెజారిటీ రాలేదు. రెండో ప్రాధాన్య ఓట్లు లెక్కపెడితే గెలిచారు. మా జిల్లావాడు మరో రకంగా గెలవడం మర్యాద కూడా కాదు.

కొరాపుట్ జిల్లా కొటియా వాళ్ళది ఇంకో స్థాయి. అక్కడ 21 గ్రామాలు మావంటే మావని రెండు రాష్ట్రాలూ దశాబ్దాలుగా తగవులాడుతున్నాయి. 2021లో ఆంధ్రప్రదేశ్ అక్కడ పంచాయతీ ఎన్నికలు పెడితే ఒడిశా సుప్రీంకోర్టుకు వెళ్ళింది. ఊళ్ళో వాళ్ళు అటూ ఇటూ ఓటు వేసి, రెండు వైపుల పథకాలూ అందుకుంటారు. పూర్తి స్థాయి ద్విపాత్రాభినయం, రెండు పాత్రలకూ పారితోషికం. మా పెద్దాయన ఈ వార్త చదివి చాలాసేపు మాట్లాడలేదు.

కనుక గంజాంను సహాయ నటుల జిల్లాగా ప్రకటించి, తెర మీద తండ్రిగా బతికినవారికి పితృభృతి మంజూరు చేయాలని కోరుతున్నాను. వినతిపత్రం భువనేశ్వర్‌కు ఒడియాలో, అమరావతికి తెలుగులో సిద్ధం చేశాం. సంతకాలు పెద్దాయనే సేకరిస్తున్నారు. మొదటి సంతకం కథానాయకుడిది ఉండాలని ఆయనే పట్టుబట్టారు.

ఈలోగా ఉగాది నాటకానికి వేషాల పంపకం పూర్తయింది. తండ్రి వేషం మళ్ళీ పెద్దాయనదే. పెద్ద మొత్తం చందా రాసిన ఆసామి తనకు కొడుకు వేషం కావాలన్నాడు, ఇచ్చారు. ఆయన పెద్దాయన కంటే తొమ్మిదేళ్ళు పెద్ద.