సాకు లేని ఆఫీసు

అమెరికాలోని నేషనల్ వెదర్ సర్వీస్ 2000ల మొదట్లో ఒక దుస్సాహసం చేసింది. వాన గురించి చెప్పే వందకు పైగా ఆఫీసుల్లో కంపెనీ తన గుప్పిట్లో పెట్టుకున్న యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడిచే వర్క్‌స్టేషన్లను తీసేసి, లోపలి రాత ఎవరైనా చూడగలిగే లైనక్స్ యంత్రాలు పెట్టడం మొదలెట్టింది. ఉపగ్రహ చిత్రాలు, రాడార్, మోడళ్ల లెక్కలు అన్నీ ఒకచోట చూపించే ఏవిప్స్ అనే వ్యవస్థ వాటి మీదికి మారింది. చవక, పైగా వేగం అన్నారు. ఆ జాడ్యం ఆఫీసులతో ఆగలేదు. 2017 నవంబరు నుంచి ప్రపంచంలో అత్యంత వేగమైన ఐదొందల యంత్రాల జాబితా టాప్500లోని సూపర్‌కంప్యూటర్లన్నీ లైనక్స్ మీదే నడుస్తున్నాయి. దీనివల్ల జరిగిన నష్టాన్ని ఎవరూ పట్టించుకోలేదు కాబట్టి, ఆ భారం నా మీద పడింది.

పోయింది సాకు. ఎండ అని చెప్పిన రోజున పెళ్లి పందిరి తడిసిందనుకోండి. పాత రోజుల్లో అయితే "సిస్టమ్‌లో ఏదో లోపం, కంపెనీకి రాశాం" అంటే జనం సానుభూతి చూపేవారు. లోపల ఏముందో కంపెనీ చెప్పదు, మనం చూడలేం. ఎంత హాయి! ఇప్పుడు సోర్స్ కోడ్, అంటే ప్రోగ్రాం లోపలి రాత, అందరి ముందూ ఉంది. తప్పు అందులో లేదని ఏ కుర్రాడైనా రాత్రికి రాత్రే తేల్చేస్తాడు. తెల్లారేసరికి నింద ఫోర్‌కాస్టర్ నెత్తిన ఉంటుంది.

యంత్రం అడ్డం లేకపోతే ఏమవుతుందో, లెక్కలతో వాతావరణ సూచన చెప్పబోయిన బ్రిటిష్ శాస్త్రవేత్త రిచర్డ్‌సన్‌ను చూసి నేర్చుకోవాల్సింది. 1910 మే 20 నాటి వాతావరణాన్ని ఆయన చేత్తో లెక్కగట్టాడు. ఆరు గంటల్లో పీడనం 145 మిల్లీబార్లు మారుతుందని తేలింది. నిజానికి ఆ రోజు పీడనం దాదాపు కదలనేలేదు. పాపం, కంప్యూటర్ హ్యాంగ్ అయిందనడానికి కంప్యూటరే లేదు. అయినా 1922లో ఆ లెక్కను పుస్తకంలో అచ్చేసుకున్నాడు. ఇంత నిజాయితీ ఏ ఆఫీసుకూ మంచిది కాదు.

అమెరికా వాతావరణ శాస్త్రవేత్త లోరెంజ్ అదృష్టవంతుడు. 1961లో కంప్యూటర్‌లో వాతావరణ లెక్కను మళ్లీ నడుపుతూ 0.506127కు బదులు 0.506 అని టైపు చేస్తే, కొంతసేపటికి లెక్క మొత్తం వేరే దారి పట్టింది. మొదట అనుమానం యంత్రం మీదికే వెళ్లింది. చివరికి ఆయన, మొదట్లో చిన్న తేడా ఉన్నా పోనుపోను పెద్దదవుతుందంటూ, తప్పును వాతావరణం స్వభావం మీదికి నెట్టాడు. దాన్ని లోకం గొప్ప ఆవిష్కరణ అంది. (నాకు తెలిసినంతలో ఇంతకంటే విజయవంతమైన సాకు లేదు.)

లైనక్స్‌తో వచ్చే లైసెన్సులో మాత్రం ఒక సుగుణం ఉంది. ఈ సాఫ్ట్‌వేర్‌కు ఏ వారంటీ లేదని అందులో స్పష్టంగా రాసి ఉంటుంది. ఆ వాక్యాన్ని రోజూ వాన సూచన కింద అతికిస్తే సగం పంచాయితీలు తీరతాయి. ఆకాశం విషయం వేరు. దాని కోడ్ ఇంతవరకూ ఎవరికీ ఇవ్వలేదు, హెల్ప్‌లైన్ లేదు, అప్‌డేట్ ఎప్పుడు దిగుతుందో చెప్పదు. దాన్నీ ఓపెన్ సోర్స్ చేయాలని ఉద్యమించేవారు ఒక్కరూ కనబడరు.

అందాకా నాదొక చిన్న విన్నపం. ప్రతి ఆఫీసులో పాత వర్క్‌స్టేషన్ ఒక్కటైనా ఉంచండి. కరెంటు ఇవ్వనక్కర్లేదు. విలేకరులు వచ్చినప్పుడు వేలు పెట్టి చూపించడానికి వీలుగా, గుమ్మానికి ఎదురుగా ఉంటే చాలు.