రోగి దాకా రాని డిస్కౌంట్

అమెరికాలో వృద్ధులకు మెడికేర్, పేదలకు మెడికెయిడ్ అనే ప్రభుత్వ బీమాలున్నాయి. ఆ రోగులకు ఫలానా మందే రాయమనో, కొనిపించమనో ఎవరికైనా డబ్బు ముట్టజెబితే అది నేరం. 1972లో మొదలైన ముడుపుల నిరోధక చట్టం కింద ఇప్పుడు పదేళ్ల దాకా జైలు పడొచ్చు. ధర తగ్గించి అమ్మితే మాత్రం, లెక్కల్లో సరిగ్గా చూపించినంత కాలం, అది ముడుపు కాదని ఆ చట్టమే మినహాయింపు ఇచ్చింది. ఇందులో మాకు తప్పేమీ కనిపించదు. పెద్ద ఎత్తున కొనేవాళ్లు బేరమాడితేనే ఖజానాకు నాలుగు డబ్బులు మిగులుతాయి.

పేచీ అంతా రిబేట్లతోనే. మందు అమ్ముడయ్యాక కంపెనీ వెనక్కి ఇచ్చే ఈ సొమ్ము బీమా సంస్థలకు, వాటి తరఫున బీమా వర్తించే మందుల జాబితా తయారుచేసే పీబీఎంలనే మధ్యవర్తులకు వెళుతుంది. సీవీఎస్ కేర్‌మార్క్, ఎక్స్‌ప్రెస్ స్క్రిప్ట్స్, ఆప్టమ్ ఆర్ఎక్స్, ఈ మూడింటి చేతుల మీదుగానే ఆ దేశపు ప్రిస్క్రిప్షన్లలో దాదాపు 80 శాతం నడుస్తాయి. మందు ప్రకటిత ధర 100 డాలర్లు, రిబేటు 40 అనుకుందాం. నికరంగా దాని ఖరీదు 60. రోగి మాత్రం తన వంతు 25 శాతాన్ని 100 మీదే లెక్కగట్టి ఇవ్వాలి.

ధర ఎంత ఎక్కువుంటే రిబేటు అంత పెద్దది. బెంగళూరు బయోకాన్ తయారుచేసిన ఇన్సులిన్‌ను 2021 నవంబరులో వియాట్రిస్ అనే మందుల కంపెనీ అమెరికాలో రెండు ధరలకు విడుదల చేసింది. మందు ఒకటే. ఐదు పెన్నుల పెట్టె సెమ్‌గ్లీ పేరుతో సుమారు 404 డాలర్లు, బ్రాండు పేరు లేకుండా సుమారు 148. ఎక్స్‌ప్రెస్ స్క్రిప్ట్స్ తన ప్రధాన జాబితాలో పెట్టుకున్నది 404 డాలర్లదాన్ని! ఇంతకంటే రుజువేం కావాలి?

2020 నవంబరులో ట్రంప్ ప్రభుత్వం మెడికేర్ మందుల పథకంలో ఈ రిబేట్లకు ముడుపుల చట్టం నుంచి ఉన్న రక్షణ తీసేస్తూ, కౌంటర్ దగ్గర రోగికే ఇచ్చే తగ్గింపుకు రక్షణ కల్పిస్తూ నిబంధన తెచ్చింది. అది ఒక్కరోజు కూడా అమలు కాలేదు. రిబేట్లు పోతే ప్రీమియంలు పెరుగుతాయి, వాటికిచ్చే సబ్సిడీ భారం ప్రభుత్వం మీద పడుతుంది. కాబట్టి నిబంధనను ఆపడమే కాగితం మీద ‘పొదుపు’ అయింది. 2021లో రోడ్లూ వంతెనల చట్టం, 2022లో తుపాకుల చట్టం, ఆ వెంటనే ఇన్‌ఫ్లేషన్ రిడక్షన్ (ద్రవ్యోల్బణం తగ్గింపు) చట్టం తమ ఖర్చులకు ఈ పొదుపును వరసగా చూపించుకున్నాయి. చివరిదాని లెక్కలోనే అది సుమారు 12,200 కోట్ల డాలర్లు. నిబంధన 2032 జనవరికి వాయిదా పడింది.

ప్రీమియం పెరుగుతుందన్న వాదనను మేము కొట్టిపారేయడం లేదు. అయితే దాని అర్థమేమిటి? జబ్బుపడ్డవాళ్లు కౌంటర్ దగ్గర అదనంగా కడుతుంటే, ఆ డబ్బుతో మిగతావాళ్ల ప్రీమియం తగ్గుతోందని. బీమా ఉన్నది సరిగ్గా దీనికి ఉల్టాగా పనిచేయడానికి. మెడికేర్‌లో ఇన్సులిన్‌కు నెలకు 35 డాలర్ల పరిమితి, ఏడాది మందుల ఖర్చుకు 2025లో 2,000 డాలర్లతో మొదలైన పరిమితి వచ్చి కొంత ఊరటనిచ్చాయి, నిజమే. అక్కడ స్థిరపడి ఆ వయసుకు వచ్చిన మన తెలుగువాళ్లకూ అవి పనికొస్తున్నాయి. కానీ పరిమితి చేరేదాకా చాలా మందులకు రోగి కట్టే వాటా ప్రకటిత ధర మీదే.

డిస్కౌంట్ మినహాయింపు ఉండాలి. అయితే కొనే క్షణంలో రోగి బిల్లులో కనిపించే తగ్గింపుకే ఉండాలి. నిబంధనను వాయిదా వేసింది అమెరికా చట్టసభ కాంగ్రెస్, ఆ వాయిదాను ఎత్తేయాల్సిందీ కాంగ్రెస్సే. పెరిగే సబ్సిడీకి డబ్బెక్కడిదని అడిగేవాళ్లు, ఇప్పుడది ఎవరి దగ్గర వసూలవుతోందో బడ్జెట్ పత్రాల్లో చూపించాలి.