కీటకాల్లో బాధ్యత కరువు

రానురాను కీటకాల ప్రవర్తన శ్రుతి మించుతోందని చెప్పడానికి చింతిస్తున్నాం. కెమెరా చేత్తో పట్టుకుని ఫోకస్ స్టాకింగ్ చేసే సోదరులు తమ కర్తవ్యాన్ని ఎంతో నిష్ఠగా నెరవేరుస్తున్నారు. సహకారం కొరవడింది అవతలి పక్షం నుంచే.

విషయం తెలియని పాఠకులకు ఒక్క ముక్క. పెద్ద సెన్సరుండే ఫుల్ ఫ్రేమ్ కెమెరాకి, చిన్నవాటిని దగ్గరగా తీసే మాక్రో లెన్స్ తగిలించి, సెన్సర్ మీద పురుగు అసలు సైజులో పడేలా, లెన్స్ రంధ్రాన్ని ఎఫ్/8 దగ్గర పెట్టి తీస్తే, స్పష్టంగా వచ్చే మందం సుమారు 1 మిల్లీమీటరు. రెట్టింపు సైజుకు వెళ్తే అందులో మూడో వంతు. కన్ను కుదిరితే మీసం అలుక్కుపోతుంది, మీసం కుదిరితే కన్ను పోతుంది. పోనీ రంధ్రాన్ని ఎఫ్/22కి బిగిద్దామంటే, ఇరుకులో కాంతి చెదిరే డిఫ్రాక్షన్ వచ్చి ఫొటో మొత్తాన్నీ మెత్తబరుస్తుంది. అందుకే పొరలు పొరలుగా తీసి కంప్యూటర్లో కలిపి కుట్టడం. అదే స్టాకింగ్, ఆ పొరల కట్టే స్టాక్.

ఫోకస్ రింగును ఒకచోట పెట్టాక ఇక ముట్టుకోకూడదు. ఎడమచేత్తో కొమ్మ పట్టుకుని, ఆ చేతి మీదే లెన్స్ ఆనించాలి. గాలొస్తే కొమ్మా కెమెరా కలిసే ఊగుతాయి. మోచేతులు డొక్కలకు అదిమి, ఊపిరి బిగబట్టి, వరసగా ఫొటోలు తీసే బర్స్ట్ నొక్కి, మీసం కొస నుంచి తోక దాకా వెంట్రుకవాసి చొప్పున ముందుకు వాలాలి. ఒక్క పొర జారినా పురుగు నడుం మీద మసక పట్టీ మిగులుతుంది. ఫ్లాష్ పవర్ తగ్గించుకోకపోతే అది తేరుకునేలోపు నాలుగు ఫ్రేములు చీకటి. వెలుగు మెత్తబడేందుకు ఫ్లాష్ ముందు చిప్స్ డబ్బా, దాని మూతికి బటర్ పేపర్. గౌరవనీయుడైన ఓ బ్యాంకు ఉద్యోగి లంటానా పొదలో ఈ భంగిమలో ఉండగా, వాకింగ్‌కి వచ్చినవాళ్లు ‘ఏమైనా పోయిందా సార్?’ అని అడుగుతారు. నోరు తెరిస్తే స్టాక్ పోతుంది.

ఇంత చేస్తే, సరిగ్గా సగంలో ఈగ చేతులు రుద్దుకుంటుంది. పొరలు కుట్టే జెరీన్ స్టాకర్, హెలికాన్ ఫోకస్ లాంటి సాఫ్ట్‌వేర్లు ఫొటోగ్రాఫర్ వణుకును చాలావరకు సర్దగలవు గానీ, ఈగ పరిశుభ్రతను సర్దలేవు. తుది బొమ్మలో ఈగకు తొమ్మిది కాళ్లుంటాయి. మిగులు కాళ్లు చెరుపుతూ గృహస్థుడు అర్ధరాత్రి దాటిస్తాడు.

అన్నీ ఇలాంటివేనని అనడం లేదు. నీలిచారల తేనెటీగల్లో మగవి పొద్దుగూకగానే ఎండుపుల్లను దవడలతో కరిచిపట్టుకుని నిద్రపోతాయి. ఆదర్శ పౌరులు. తూనీగలు కూడా ఒళ్లు వేడెక్కేదాకా మంచుబొట్లు మోస్తూ కదలకుండా ఉంటాయి, ఎండ తగలగానే మాట తప్పుతాయి. ఇక ఆరుద్ర పురుగు తొలకరికి ఎర్ర మఖమల్ కట్టుకుని వచ్చి, ఒక్క క్షణం నిలవదు. పైగా ఎనిమిది కాళ్లది, అసలు కీటకమే కాదు! దోమ ఒక్కటే నిశ్చలంగా కూర్చుంటుంది, అదీ మన మోచేతి మీద.

ఈ అరాచకం భరించలేక కొందరు పెద్దలు ఫ్రిజ్‌ని ఆశ్రయించారు. పురుగును డబ్బాలో వేసి పెరుగుగిన్నె పక్కన పెట్టి, బిగుసుకున్నాక తెచ్చి ఆకు మీద కూర్చోబెట్టి తీరిగ్గా తీస్తారు. కొన్ని మళ్లీ లేస్తాయి. లేవనివి మరీ షార్ప్‌గా వస్తాయి. ‘సహజ ఆవాసంలో ఓ ఉదయం’ అని పేరు పెట్టి గ్రూపులో వదిలితే దండాలు, చప్పట్లు, ‘జీవం ఉట్టిపడుతోంది గురువుగారూ’ అన్న ప్రశంసలు. పొదలో మోకాళ్లు గీరుకున్నవాడి ఈగకు వచ్చేది ఒకటే వ్యాఖ్య: ‘వెనక ఎడమకాలు కాస్త మసగ్గా లేదూ?’