జెండా పాటకు నోబెల్ ఎప్పుడిస్తారు?

మొన్న నర్సంపేట దిక్కు ఒక ఊళ్లో రైతు అవగాహన సదస్సు పెట్టారు. పట్నం నుంచి వచ్చిన నిపుణుడు తెర మీద నాలుగు గళ్ల పట్టిక చూపించి, గేమ్ థియరీ, అంటే ఎదుటివాడి ఎత్తు చూసి మన ఎత్తు వేసే లెక్క, తెలిసిన రైతు మార్కెట్‌లో మోసపోడని సెలవిచ్చారు. అందరం చప్పట్లు కొట్టాం. భోజనం టోకెన్లు ఇచ్చేది చప్పట్ల తర్వాతే, మాకూ వ్యూహం తెలుసు.

పట్టికలో ఇద్దరు దొంగలున్నారు. పోలీసులు వాళ్లను చెరో గదిలో పెట్టారు. ఇద్దరూ నోరు మూసుకుంటే కొద్దిపాటి శిక్షతో బయటపడతారు. కానీ అవతలివాడు ఏం చేసినా, చెప్పేయడమే తనకు లాభం. అందుకే ఇద్దరూ చెప్పేసి ఇద్దరూ మునుగుతారు. 1950లో అమెరికాలోని రాండ్ పరిశోధన సంస్థలో ఫ్లడ్, డ్రెషర్ అనే గణితవేత్తలు ఈ ఆట కడితే, టక్కర్ అనే ఇంకో గణితవేత్త దానికి ఖైదీల కథ అల్లాడట. ఒక్కడే ఎత్తు మార్చి బాగుపడలేని ఇలాంటి చోటునే నాష్ సమతుల్యత అంటారు. ఆ పేరుగల గణితవేత్త జాన్ నాష్‌కు 1994లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది.

బాగుంది. ఎవరు ఏ గదిలో ఉన్నారన్నదే సారు చూసుకోలేదు.

మార్చిలో మిర్చి యార్డుకు రండి. ఏ యార్డో అడగకండి, రేపు మళ్లీ నేను అక్కడికే పోవాలి. పొద్దున్నే జెండా పాట, అంటే ఆ రోజు తొలి వేలం. అన్నింటికన్నా ఎర్రగా గలగలలాడే ఒక్క సరుకుకు ఆకాశాన్నంటే ధర పలుకుతుంది, ఫొటో దిగుతారు, తెల్లారి పేపర్లో 'రికార్డు ధర'. ఇక మిగతా బస్తాల దగ్గరికి ఖరీదుదారు వస్తాడు. ఒక కాయ విరుస్తాడు, గింజలు రాలుస్తాడు, దగ్గుతాడు, మబ్బు వైపు చూసి "తేమ" అంటాడు. రెండో ఆయన అదే కాయ మిగతా సగం తీసుకుని "తాలు" అంటాడు. మూడో ఆయన కాయ ముట్టడు, "వాళ్లెంతన్నరు?" అంటాడు. నాలుగో ఆయన రానే రాడు. ఆయన ఎక్కడున్నాడో చాయ్ కొట్టు పిల్లగాడికి తెలుసు. కాసేపటికి మిగతా ముగ్గురూ అదే బల్ల మీద ఉంటారు.

కథలో దొంగలకు ఇలా ఒకే గది ఇచ్చి అల్లం చాయ్ పోస్తే ఎవడైనా మాట తప్పుతాడా? పైగా వీళ్లు రోజూ కలిసేవాళ్లు. ఇవాళ ఒకడు వంద ఎక్కువ పాడితే రేపు మిగతావాళ్లు వాడి సంగతి చూస్తారు. పదేపదే ఆడే ఆటలో కుమ్మక్కు నిలవగలదని ఆ శాస్త్రమే చెబుతుంది. వేరువేరు గదుల్లో ఉన్నది మేం. ఒక్కో కుప్ప పక్కన ఒక్కో తువ్వాల.

లేచి అడిగాను: "సార్, మరి నేనేం ఎత్తు వెయ్యాలె?"

"ఓపిక పట్టాలి. బేరంలో ఆగగలిగినవాడిదే పైచేయి."

అబద్ధం కాదు. 1982లో రూబిన్‌స్టీన్ అనే ఆర్థికవేత్త లెక్క కట్టి మరీ తేల్చాడు, ఆలస్యంతో తక్కువ నష్టపోయేవాడికే పెద్ద వాటా అని. కానీ ఎట్లా ఆగుత సారూ? ట్రాలీ కిరాయి ఎవడు కడతడు? మందులకు అప్పిచ్చినోడే నా సరుకు అమ్మిపెట్టే అడ్తిదారు. మిర్చికి కేంద్రం మద్దతు ధర జాబితాలో చోటే లేదు. రాత్రంతా బస్తాల మీద పడుకుని కళ్లు మండుతున్న మనిషికి ఓపిక పాఠమా? ఆ ఓపిక ఎక్కడ అమ్ముతారో చెప్పు, కొనుక్కుంటా. దానికీ జెండా పాట పెట్టు!

"మంచి ప్రశ్న" అని సారు తర్వాతి స్లయిడ్‌కు వెళ్లారు. దాని మీద 'ధన్యవాదాలు' అని ఉంది.

భోజనంలో ఎర్రకారం బాగుంది. ఎక్కడిదని అడిగితే వంటాయన ప్యాకెట్ తిప్పి చూసి, "గుంటూరుది" అన్నాడు.