ఆ ఐదు సూత్రాల మెసేజ్ ఇక నాకు పంపకండి

ఈ నెలలో నాలుగోసారి వచ్చింది. మారతహళ్లిలో మెస్ నడిపే మా బావ పంపాడు, పీజీ హాస్టల్ పెట్టిన స్నేహితుడు పంపాడు, నిన్న మా పిన్ని కొడుకూ పంపాడు. "రెండు మూడు వ్యాపారాలున్నవాళ్లు వెబ్‌సైట్ల మీద డబ్బు తగలేయకండి" అని మొదలై ఐదు సూత్రాలు. బెంగళూరులో పన్నెండేళ్లుగా వెబ్‌సైట్లు చేసిపెట్టే పనే చేస్తున్నాను, ఇక ఊరుకోలేను.

"డ్రూపల్ చచ్చిపోయింది." డ్రూపల్ అంటే వర్డ్‌ప్రెస్‌లాగే వెబ్‌సైట్లు తయారుచేసి నడిపే ఉచిత సాఫ్ట్‌వేర్. ఆగిపోయింది దాని 7వ వెర్షన్‌కి సపోర్టు, 2025 జనవరి 5న. ఇప్పటి కొత్త వెర్షన్లు బాగానే నడుస్తున్నాయి. కన్నడ, తెలుగు, ఇంగ్లిష్ మూడింటిలో సైటు కావాలంటే ఆ ఏర్పాటు 2015లో వచ్చిన 8వ వెర్షన్ నుంచి డ్రూపల్‌లోనే ఉంది. వర్డ్‌ప్రెస్‌లో అయితే దానికి వేరే ప్లగిన్ (అదనపు సౌకర్యం కోసం తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్) వెతుక్కోవాలి.

"సిస్టమ్ మారిస్తే గూగుల్‌లో ర్యాంకు పోతుంది." పాత లింకులను కొత్తవాటికి 301 రీడైరెక్ట్ చేయకపోతే, అంటే పాత చిరునామాకు వచ్చినవాళ్లను శాశ్వతంగా కొత్తదానికి మళ్లించకపోతే, పోతుంది. చేయండి.

"ఎన్ని వ్యాపారాలున్నా ఒకే వర్డ్‌ప్రెస్ మల్టీసైట్‌లో పెట్టండి." ఒకే వర్డ్‌ప్రెస్ మీద చాలా సైట్లు నడిపే ఈ సౌకర్యం 2010లో 3.0 వెర్షన్‌తో వచ్చింది, మంచిదే, ఒకే వ్యాపారానికి ఐదు బ్రాంచీలుంటే. మెస్సు, పీజీ, చీరల షాపు మూడూ అందులో దూర్చితే మాత్రం డేటాబేస్ ఒకటే అవుతుంది. పీజీ సైటు పాడైందని నిన్నటి బ్యాకప్ మొత్తం ఎక్కించారా, పొద్దున్నుంచి చీరలకు వచ్చిన ఆర్డర్లు కూడా ఎగిరిపోతాయి. రేపు పీజీ ఒక్కటీ అమ్మేయాలంటే దాని సైటును విడదీయడం పెద్ద పని. వ్యాపారాలు వేరైతే సైట్లూ వేరుగా ఉంచండి.

"సైటు నడుస్తుంటే అప్‌డేట్ నొక్కకండి." 2014 అక్టోబర్ 15న డ్రూపల్‌లో ఒక భద్రతా లోపానికి మందు, అంటే దాన్ని సరిచేసే అప్‌డేట్, వచ్చింది. ఏడు గంటల్లో అప్‌డేట్ చేయని సైట్లు దొంగల చేతికి పోయినట్టే లెక్క వేసుకోమని ఆ తర్వాత డ్రూపల్ భద్రతా బృందమే చెప్పింది. 2017లో వర్డ్‌ప్రెస్ 4.7.2 వేసుకోనివాళ్ల పేజీలను లక్షల్లో చెరిపి రాశారు. బ్యాకప్ తీసుకుని నొక్కండి, అంతేగానీ మానేయకండి.

ఇక ఐదోది. "ప్రీమియం ప్లగిన్లు కొనొద్దు, నల్డ్ కాపీలు ఉచితంగా దొరుకుతాయి, అది చట్టరీత్యా తప్పు కూడా కాదు." నల్డ్ అంటే డబ్బు కట్టాల్సిన ప్లగిన్‌కు లైసెన్సు తాళం తీసేసి పంచే కాపీ. నాకు కోపం తెప్పించింది ఇదే.

ఒక మాట ఒప్పుకోవాలి. చట్టం గురించి చెప్పింది చాలావరకు నిజమే. వర్డ్‌ప్రెస్ జీపీఎల్ లైసెన్సుతో (కోడ్‌ను ఎవరైనా వాడుకోవచ్చు, మార్చొచ్చు, పంచొచ్చు అనే లైసెన్సు) వస్తుంది, దాని ప్లగిన్లు కూడా ఎక్కువగా అదే లైసెన్సుతో వస్తాయి కాబట్టి ఆ కోడ్‌ను ఇంకొకరికి ఇవ్వొచ్చు. నేనే చాలాకాలం అది దొంగతనమని వాదించి, తర్వాత దిద్దుకున్నాను. కానీ ఆ కాపీని ఇచ్చినవాడు అందులో ఏం కలిపి ఇచ్చాడు?

పోయిన దసరా ముందు చీరల షాపు నడిపే ఒక అక్క ఫోన్ చేసింది. "తమ్ముడూ, గూగుల్‌లో మా షాపు పేరు కొడితే జపాన్ అక్షరాలు వస్తున్నాయి." సైటు నేరుగా తెరిస్తే అంతా మామూలుగానే ఉంది. లోపలికి వెళ్లి చూశాను. ఫొటోలు మాత్రమే ఉండాల్సిన ఫోల్డర్‌లో, కంచిపట్టు చీరల బొమ్మల మధ్య, ఒక పీహెచ్‌పీ ఫైలు, అంటే సర్వర్‌లో నడిచే ప్రోగ్రామ్. తెరిస్తే ఒకటే వరుస, ఎంత జరిపినా తరగని అర్థంలేని అక్షరాలు. సైటు చేసినతను ప్లగిన్‌కు డబ్బు తీసుకుని నల్డ్ కాపీ వేశాడు, ఆ ఫైలు దాని ద్వారానే వచ్చింది. అదే హోస్టింగ్ అకౌంట్‌లో వాళ్లాయన క్యాటరింగ్ సైటు, అబ్బాయి కోచింగ్ సెంటర్ సైటు కూడా ఉన్నాయి. మూడింటిలోనూ అదే ఫైలు! శుభ్రం చేయడానికి మూడు రాత్రులు పట్టింది. పండగ ఆర్డర్లు పోయాయి. ఆవిడ ఫోన్‌లో ఏడుస్తుంటే ఏం చెప్పాలో నాకు తోచలేదు.

మిగుల్చుకున్నదెంత? ఏడాదికి కొన్ని వేలు. ఏడాదంతా కష్టపడి సంపాదించుకున్న పేరు ఆ కొన్ని వేలకు సమానమా? పైగా నల్డ్ కాపీకి అప్‌డేట్లు రావు. లోపం బయటపడ్డ రోజు డబ్బు కట్టినవాళ్లకు మందు అందుతుంది, మీకు అందదు. కొనే స్తోమత లేకపోతే వర్డ్‌ప్రెస్ వాళ్ల సొంత డైరెక్టరీలో వేల ప్లగిన్లు ఉచితంగా ఉన్నాయి, ఆన్‌లైన్ అమ్మకాలకు వాడే వూకామర్స్ కూడా అక్కడే ఉంది. అవి వాడుకోండి.

బావా, నువ్వు ఇప్పటికే నల్డ్ వేయించి ఉంటే ప్లగిన్ తీసేస్తే సరిపోదు. హోస్టింగ్, డేటాబేస్, అడ్మిన్ పాస్‌వర్డులన్నీ మార్చు. యూజర్ల జాబితాలో నీకు తెలియని అడ్మిన్ ఎవరైనా ఉన్నారేమో ఈ రాత్రే చూడు. ఉంటే ఎంత పొద్దుపోయినా నాకు ఫోన్ చెయ్.